ఎప్పుడు నొస్తదమ్మా?

ఆత్మకూర్ (ఎస్)లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఒకామెకు మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగి కుడికాలు నేలకు ఆనిస్తే మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే సర్దుకునేది. బండల మీద ఉత్తకాళ్లతో నిలబడి వండి, వడ్డించి, గిన్నెలు తోమి ఇంటికొచ్చేసరికి మళ్లీ మొదటికే వచ్చేది.

ఊళ్లో అందరూ తలో వైద్యం చెప్పారు. పక్కింటి పెద్దమ్మ ఇటుక వేడిచేసి, దాని మీద జిల్లేడాకులు పరిచి, మడమ ఆనించమంది. ఆకు చిటపటలాడుతుంటే హాయిగానే ఉండేది. తెల్లారితే అదే పోటు. ఆర్‌ఎంపీ సూది వేశాడు. గోలీలు మింగిన పూట నొప్పి తగ్గింది గానీ కడుపులో మంట పుట్టింది. ఎక్స్‌రేలో మడమ ఎముకకు ముల్లు పెరిగిందన్నారు. అది కోస్తే తప్ప పోదేమోనని ఆమెకు నిద్ర కరువైంది. చివరికి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామికి మొక్కుకుంది, నొప్పి పోతే వచ్చే జాతరకు ఉత్తకాళ్లతో నడిచొస్తానని.

కోడలు ఊరుకోలేదు. సూర్యాపేట పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చీటీలన్నీ పక్కన పెట్టి అడిగింది.

"ఎప్పుడు నొస్తదమ్మా?"

ఆమె తడబడింది. ఇన్నాళ్లూ అందరూ ఏ మందు వాడుతున్నవని అడిగినవాళ్లే.

"పొద్దుగాల మంచం దిగంగనే బిడ్డా. నడుస్తుంటే తగ్గుతది. శానసేపు నిలబడితే మళ్ల వస్తది."

"మడమ కాడికెల్లి వేళ్లదాకా పాదం అడుగున గట్టి పట్టీ ఉంటదమ్మా. రాత్రి పండుకుంటే ముడుసుకుంటది. తెల్లారి అడుగేస్తే ఒక్కపారే గుంజుతది. ఆ ముల్లు నొప్పి లేనోళ్లకు సుత ఉంటది, దానికి భయపడకు."

కుడికాలిని ఎడమ మోకాలి మీద పెట్టించి, వేళ్లు పట్టి వెనక్కి వంచింది. అరికాల్లో పట్టీ బిగిసి చేతి బొటనవేలికి తగిలింది. మంచం దిగకముందే ఇట్లా పదంకెలు లెక్కపెట్టేదాకా పట్టాలి, పదిసార్లు చెయ్యాలి. గోడకు చేతులానించి పిక్క సాగదియ్యాలి. వంటకాడ మెత్తటి చెప్పులు వెయ్యాలి.

"ఇంతేనా? గోలీలు రాయవా?"

"ఇదే మందమ్మా. రోజూ చెయ్యాలె. నెలలు పడుతది."

అసలు కష్టం అక్కడే వచ్చింది. అన్నం వండేచోట చెప్పులేంటని ఆమెకు మనసొప్పలేదు. కోడలు కొత్త జత కొని, అవి వంటింటికే అని విడిగా పెట్టింది. మొదటి నెల ఏ మార్పూ లేదు. ఆమె మళ్లీ ఇటుక పొయ్యిలో పెట్టబోతే కోడలు, "ఇటుక పెట్టుకో అత్తా, కాలు గుంజుడు మాత్రం ఆపకు" అంది. నాట్లు అయిపోయి వరి పొట్టకొచ్చే కాలానికి ఆమె గోడ పట్టుకోకుండా మంచం దిగింది. జాతరకు ఆటోలో పోయి, గట్టు కింద చెప్పులు విడిచి, స్వామిని చూసుకుంది.

నీతి: మందు వెతికే ముందు నొప్పి నడతను కనిపెట్టాలి.

మడమ శూలగా మనం చెప్పుకునే ప్లాంటార్ ఫేసియైటిస్ చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, కాకపోతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చు. ఈ ఓపిక చెప్పేవాళ్లు తక్కువ కాబట్టే జనం పది రోజులకో వైద్యం మారుస్తారు. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు ఊరటనిస్తుంది. పదే పదే వేయించుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది. మడమ వాచి ఎర్రబడినా, జ్వరం వచ్చినా, తిమ్మిరి పట్టినా, పడుకున్నా నొప్పి వదలకపోయినా అది వేరే జబ్బు కావచ్చు. షుగరున్నవాళ్లయితే పాదానికి చిన్న పుండు కనిపించినా, వేడి ఇటుక జోలికి పోకుండా అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి కాలిన సంగతి కూడా తెలియదు.