ఊపిరి తీసుకునే చోటు

ఏడు స్వరాలు, అంతే. హార్ప్సికార్డు, పియానో, చెలెస్టా కలిసి ఇత్తడి పళ్లెంలో గింజలు రాలినట్టు వాటిని జారవిడుస్తాయి. తర్వాత కాసేపు ఖాళీ. మళ్లీ అవే ఏడు, మళ్లీ ఖాళీ. 46 నిమిషాల ఆల్బంలో ఇంచుమించు చివరిదాకా అడుగున నడిచేది ఇదే. మొదటిసారి వింటున్నప్పుడు, ఇంతకీ అసలు సంగీతం ఎప్పుడు మొదలవుతుందని, ముందుకు జరపడానికి ఫోను మీద వేలు పెట్టాను. అప్పుడే సాక్సఫోన్ వచ్చింది. వచ్చింది అనడం కూడా ఎక్కువే. లోపల ఎవరో మాట్లాడుకుంటుంటే, చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా గోడవారగా వచ్చి కూర్చున్న పెద్దమనిషిలా ఉంది ఆ రాక.

ఆల్బం పేరు ‘ప్రామిసెస్’. 2021 మార్చిలో వచ్చింది. ఆ ఏడు స్వరాలను పేర్చిందీ, వాటి చుట్టూ సింథసైజర్లతో సాంబ్రాణి పొగలాంటి నాదాలు పరిచిందీ శామ్ షెపర్డ్ అనే ఇంగ్లండు కుర్రవాడు. ‘ఫ్లోటింగ్ పాయింట్స్’ అన్న పేరుతో క్లబ్బుల్లో జనం చేత చిందులేయించే ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాడు. న్యూరోసైన్స్‌లో డాక్టరేటు కూడా ఉంది. సాక్సఫోన్ మాత్రం జాజ్ వాద్యకారుడు ఫారో శాండర్స్‌ది. షెపర్డ్ పుట్టింది 1986లో, శాండర్స్ 1940లో. ఇద్దరికీ మధ్య 46 ఏళ్లు, ఆల్బం నిడివి 46 నిమిషాలు. కాకతాళీయమేననుకోండి, అయినా తలుచుకుంటే సరదాగా ఉంటుంది.

ముందుగా ఇష్టపడింది పెద్దాయనే. 2015లో వచ్చిన షెపర్డ్ ఆల్బం ‘ఎలేనియా’ విని, ఈ అబ్బాయిని కలవాలనుకున్నాడు. 2019లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక స్టూడియోలో ఇద్దరూ కలిసి కూర్చున్నారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా తీగవాద్యాలు ఆ మరుసటేడు, 2020 వేసవిలో, వచ్చి చేరాయి. ఎనభైకి దగ్గరపడిన మనిషి, మనవడి ఈడు వాడి పాటలు విని, వాడి యంత్రాల మధ్యకు తనంతట తాను వెళ్లి కూర్చోవడం ఒక్కటే చాలు నాకు, ఈ ఆల్బం మీద గౌరవం కలగడానికి. మా ఇళ్లల్లో పెద్దవాళ్లం కుర్రాళ్ల పాట వినపడగానే ముందు చేసే పని ఆ సౌండ్ తగ్గించమనడం.

శాండర్స్ మొదటినుంచీ ఇంత నెమ్మదస్తుడేం కాదు. అర్కాన్సాలోని లిటిల్ రాక్‌లో పుట్టి, 1960ల మొదట్లో న్యూయార్కు చేరినప్పుడు తలదాచుకోను చోటు లేదు. రక్తం అమ్ముకుని పొట్ట నింపుకున్న రోజులున్నాయి. సన్ రా అనే బ్యాండ్ నాయకుడు చేరదీశాడు. 1965 నుంచి జాజ్ సాక్సఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ పక్కన నిలబడి వాయించాడు. ఆ కాలపు రికార్డులు పెడితే సాక్సఫోన్ అరుస్తుంది, చీరుకుపోతుంది, ఒకే ఊపిరిలో రెండు మూడు స్వరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడతాయి. అది సంగీతమే కాదన్నవాళ్లు చాలామంది. ఆకలి తెలిసినవాడి గొంతు అలాగే ఉంటుందని నా అనుమానం.

అంతటి గొంతున్నవాడు ‘ప్రామిసెస్’లో ఎక్కువసేపు చేసింది వినడమే. చిన్న మాటంత ఊదుతాడు, ఆగిపోతాడు. ఆ ఏడు స్వరాలను మూడుసార్లు, నాలుగుసార్లు తన ముందునుంచి వెళ్లిపోనిస్తాడు. గాలి రీడును రాసుకుంటూ లోపలికి దిగడం వినిపిస్తుంది. నాలుగో భాగంలోనైతే సాక్సఫోన్ పక్కనపెట్టి నోటితోనే ఏదో గొణుగుతాడు. మాటలు కావవి. ఒళ్లో పిల్ల నిద్రపోయాక కూడా ఊపుతూనే ఉన్న తాతయ్య తనలో తాను అనుకునే సడి. చేవ తగ్గి ఊరుకున్నాడనుకుంటామేమో, రెండో సగంలో ఒకచోట ఆ పాత గరుకు గొంతు పైకి లేస్తుంది. ఉంది, పోలేదు. ఎప్పుడు తీయాలో మాత్రం తెలుసు.

అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం మనకు కొత్తది కాదు. దాన్ని మనోధర్మం అన్నాం. కచేరీలో గాయకుడు ఆలాపన ఎత్తుకుంటాడు, రాగం వీధులన్నీ తిరిగొస్తాడు, మనం తలలూపుతాం. వెనక తంబురా మీటుతున్న మనిషిని ఎవరూ చూడరు. మూడు గంటలూ అవే నాలుగు తీగలు. ఆ తీగలు ఆగితే ముందున్నాయన ఎక్కడ నిలబడాలి? శాండర్స్‌కి తంబురా తెలుసు కూడా. 1971లో వచ్చిన, జాన్ భార్య ఆలిస్ కోల్ట్రేన్ ఆల్బం ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’లో ఆయన సాక్సఫోన్ కింద మోగుతున్నది తంబురానే. షెపర్డ్ ఏడు స్వరాలను నేను ఆ తీగల వరసలోనే విన్నాను. కాకపోతే తంబురా నాదం ఎడతెగదు, ఇక్కడ మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి చోటుంది.

నాకూ రోజుకు ఏడు స్వరాలున్నాయి. మోటారు వేయడం, పాలు పెట్టడం, డికాక్షన్, పేపరు, అదే బస్సు, అదే కుర్చీ, రాత్రి గ్యాస్ కట్టేశానా లేదా అని మళ్లీ లేచి చూడటం. చాలా ఏళ్లు వీటిని అడ్డనుకున్నాను. ఇవయ్యాక ఏదో మొదలవుతుందని, ఫోను మీద వేలు పెట్టినట్టు, రోజుల్ని ముందుకు తోసుకుంటూ వచ్చాను. ఇప్పుడు పాలు పొంగు వచ్చేముందు గిన్నె అంచున సన్నగా చుట్టూ లేచే బుడగల వలయం చూస్తూ నిలబడతాను. నిన్నటి వలయం కాదది. ఇందులో వేదాంతమేమీ లేదు, ఒకటి రెండుసార్లు పాలు పొంగిపోయాయి కూడా.

నాకు అసలు చేతకానిది ఊరుకోవడం. రెండేళ్ల కిందట నా స్నేహితురాలి నాన్నగారు పోతే, పెద్దకర్మ మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వెళ్లి కూర్చున్న దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉన్నాను. పోయినాయన మంచితనం, డాక్టర్లు ఏమన్నారు, మా మామయ్యకూ ఇలాగే జరిగింది, కాలమే మరిపిస్తుంది. తను ఊ కొడుతోంది. నేను ఎక్కడ ఆగితే ఏడుస్తుందోనని భయం. ఆమె ఏడుపుకు కాదు, అప్పుడు నేనేం చేయాలో తెలియక.

వాళ్ల మేనత్త కింద చాప మీద గోరుచిక్కుళ్లు ముందేసుకుని కూర్చుంది. కొన తుంచడం, ఈనె లాగడం, ముక్కలు పళ్లెంలో పడేయడం. టప్, టప్. నా మాటలు ఎప్పటికో అయిపోయాయి. ఆ టప్ టప్ మాత్రం మిగిలింది. చాలాసేపటికి, తలెత్తకుండానే అడిగింది: “రాత్రి కాస్త కన్నంటుకుందా తల్లీ?”

అంతే, నా స్నేహితురాలు కిందకు జారి ఆవిడ భుజం మీద తల పెట్టి భోరుమంది. ఆవిడ చేతిలో ఉన్న కాయ కింద పెట్టలేదు. రెండో చెయ్యి మాత్రం ఆ పిల్ల వీపు మీద వేసింది.

శాండర్స్ 2022 సెప్టెంబరు 24న పోయాడు. మరుసటేడు సెప్టెంబరులో, లాస్ ఏంజెలిస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో, ‘ప్రామిసెస్’ను వేదిక మీద వాయించారు. పెద్దాయన చోట సాక్సఫోన్ పట్టుకుంది శబాకా హచింగ్స్. ఎంత కష్టమైన పనో అనిపిస్తుంది. ఊదిన స్వరాలనైతే నేర్చుకోవచ్చు, ఆయన ఊదకుండా వదిలిన చోట్లను ఎలా నేర్చుకోవడం?

ఎనిమిదో భాగం చివర అన్నీ సద్దుమణుగుతాయి. ఏడు స్వరాలు కూడా ఉండవు. పెద్ద నిశ్శబ్దం. మొదటిసారి చార్జింగు అయిపోయిందేమోనని ఫోను తీసి చూశాను. చూస్తుండగానే తీగవాద్యాలు ఒక్కసారి లేచాయి, తొమ్మిదో భాగమది, పొట్టిది. నేను తేరుకునేలోపే అయిపోయింది.

మొన్న తెల్లవారుజామున మళ్లీ విన్నాను. ఆ నిశ్శబ్దంలో పక్కవాటాలో కుక్కర్ ఒక కూత వేసింది. పైన ఎవరో కుర్చీ జరిపారు. ఫోను బల్ల మీదే ఉంది. రెండో కూత కోసం చూస్తున్నాను, తీగలు వచ్చాయి.