దున్నదూడ అడగని ప్రశ్న

కనకాలపేటలో మా గేదెకు పుట్టిన దున్నదూడకు ఆరో నెల. దానికి విత్తులు కొట్టించాలా వద్దా అన్నది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నాన్న రోజుల్లో రెండు పళ్లు వేసేదాకా ఆగేవారు. ముందే కొట్టిస్తే మెడ బలవదు, కాడి మోయదు అనేవారు. విత్తులు నలగ్గొట్టేటప్పుడు దూడ అరుపు గౌతమి ఏటి గట్టు దాకా వినిపించేది. అమ్మవారికి వదిలిన దేవరపోతును మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కాదు, దేవతకు వెలితి ఉన్నది ఇవ్వకూడదని. మరి మన కోసం పెంచుకునేదానికి వెలితి చేయడం ఎలా సబబైంది?

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం నిర్ణీత పద్ధతిలో విత్తులు కొట్టించడాన్ని హింసగా లెక్కించలేదు. ఆ చట్టం కింద వచ్చిన 2023 నిబంధనలు మత్తు తప్పనిసరి చేశాయి. లేతప్రాయంలో బుర్డిజో పట్టుకారుతో నరం నొక్కితే నెత్తురు రాదు. నొప్పి తగ్గింది సరే, హక్కు ఎక్కడిది? నాన్న విత్తు తీసుకున్నా పదేళ్ల బతుకు ఇచ్చారు, గడ్డీ కుడితీ పెట్టారు. ట్రాక్టర్ వచ్చాక ఈ దూడకు నేనిచ్చేది రెండేళ్లు, ఆపైన కోత.

విత్తులున్న దూడే త్వరగా కండ పడుతుంది. రెండేళ్లలోపే పోయేదానికి కొట్టించడమంటే నా సౌకర్యానికే: పోట్లాడకుండా, గేదెల మీదికి పోకుండా. అందుకోసం దాని ఒంటి మీద చెయ్యి వెయ్యను. విడిగా పాక వేస్తున్నాను. గుంజ పాతడం ఇవాళే అయింది.