మేస్త్రీ చెప్పిన మాట



నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు తన ఆత్మతో నింపినది ఎవరినో గమనించారా? రాజును కాదు, యాజకుణ్ణి కాదు. బెసలేలు అనే పనివాణ్ణి. బంగారంలో, కంచులో, కొయ్యలో కొత్త పనితనం ఊహించే నేర్పు అతనికి దేవుడిచ్చినదే. కనుక పనివాని ఆలోచనను త్రోసిపుచ్చేముందు మనం కొంచెం భయపడాలి.

నేను భయపడలేదు. మా విచారణలో జ్ఞానోపదేశపు గది కట్టిస్తున్నప్పుడు మేస్త్రీ, "ఫాదర్ గారూ, కిటికీ పడమటికి వద్దండీ, ఉత్తరానికి పెడదాం" అన్నాడు. తత్వశాస్త్రం చదివినవాణ్ణి కదా! "ప్లానులో ఉన్నట్టు కట్టవయ్యా" అన్నాను. ఇప్పుడు వేసవి సాయంత్రాలు పిల్లలు ఆ ఎండకు ఉడికిపోతున్నారు.

చదువులేనివారికేం తెలుసు అనేవారికి ఒక్క పేరు చెబుతాను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఆసు పోయడానికి చీరకు వేలసార్లు చేయి ఆడించి తల్లి లక్ష్మి పడే భుజంనొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ మధ్య సంవత్సరాలలో ఎన్ని ఎగతాళి మాటలు పడ్డారో!

మీ దుకాణంలో, పొలంలో, ఆఫీసులో ఎవరైనా "ఇలా చేసి చూద్దామా?" అంటే, చేసి చూడనివ్వండి. చెడితే నష్టం మీరు భరించండి, అతని కూలిలో కోయకండి. ఆ ధైర్యం ఇవ్వకుండా "మావాళ్ళకు ఆలోచనే లేదు" అనడం అన్యాయం.

వచ్చే నెల ఉత్తరపు గోడ పగలగొట్టిస్తున్నాను. కిటికీ ఎంత ఎత్తులో ఉండాలో ఆ మేస్త్రీనే అడిగాను.