కరతలమే పీఠము: తొలిసారి లింగపూజకు కూర్చుండువారికి



గత శ్రావణమాసములో మా చెల్లెలి కుమార్తె మా ఇంటికి వచ్చినది. ఆమె పట్టణమున ఉద్యోగము చేయుచు వసతిగృహములో నివసించుచున్నది. ఒకనాటి ఉదయము నేను పూజ ముగించి లేచునంతలో ఆమె దగ్గరకు వచ్చి, “మామయ్యా! నాకు చిన్ననాడే లింగము కట్టినారు. దీక్షయు అయినది. కాని పూజ ఎట్లు చేయవలెనో ఎవ్వరును కూర్చుండబెట్టి చెప్పలేదు. లింగకాయ మెడలో నున్నదన్నమాటయే గాని, దానిని తెరచి ఎన్నాళ్లయినదో!” అని పలికినది. ముప్పది ఏండ్లుగా పరుల బిడ్డలకు ఛందస్సును, వ్యాకరణమును బోధించుచున్నాను. ఇంటి బిడ్డకు ఈ చిన్న విధిని నేర్పనైతిని. ఆనాడు ఆమెకు చెప్పిన విషయమునే ఆమెవంటి వారందఱి కొరకు ఇచట వ్రాయుచున్నాను.

పూజావిధికి ముందు దాని భావమును గ్రహింపవలెను. ధనవంతుడు గుడి కట్టింపగలడు. పేదవాడేమి చేయును? గుడి ద్వారము తెరువబడనివా డెక్కడికి పోవును? 12వ శతాబ్దమున కల్యాణపట్టణములో బసవేశ్వరుడు ఈ ప్రశ్నకు సమాధానము చూపెను. కులభేదము గాని స్త్రీపురుషభేదము గాని లేక, భక్తి గలవారందఱి దేహములను దేవాలయములుగా నొనర్చెను. ఆ మహనీయుని చరిత్రను పాల్కురికి సోమనాథుడు జానుతెనుగులో ద్విపదగా రచించి మనకు ప్రసాదించెను. ఇష్టలింగమునకు అరచేయియే పీఠము, పూజించువాడే అర్చకుడు. నడుమ మఱియొక్కరితో పనిలేదు. గురువు దీక్షాసమయమున ఆ లింగమును మన చేతిలో ఉంచుటలోని అంతరార్థ మిదియే. ఇంకను దీక్ష పొందనివారు ముందుగా గురువు నాశ్రయింపవలెను.

ఇక పూజకు కావలసిన వస్తువులు మిక్కిలి స్వల్పములు. ఒక చెంబు నీరు, చిన్న పళ్లెము, మెత్తని శుభ్రమైన వస్త్రము, విభూతి, రుద్రాక్షమాల, ఒక దీపము. బిల్వదళమో, పెరటిలో పూచిన పువ్వో లభించిన మంచిది. లభింపకున్నను లోపము లేదు. వసతిగృహములోని చిన్న గదియైనను చాలును.

స్నానము చేసి తూర్పునకో ఉత్తరమునకో అభిముఖముగా ఆసనముపై కూర్చుండవలెను. గురువును స్మరించి, నడిమి మూడువ్రేళ్లతో నుదుట విభూతిని మూడు రేఖలుగా ధరింపవలెను. పిమ్మట లింగకాయను తెరచి, వస్త్రమును విప్పి, లింగమును ఎడమ అరచేతిలో నుంచుకొనవలెను. నేలపై నుంచరాదు. చేతిక్రింద పళ్లెమునుంచి, కుడిచేతితో కొలది కొలదిగా నీరు పోయుచు నిన్నటి విభూతిని కడుగవలెను. లింగముపైనున్న నల్లని పూత మృదువైనది గనుక గట్టిగా రుద్దరాదు. పూత చెదరినచో స్వయముగా బాగుచేయ పూనుకొనక మఠమునకు తీసికొనిపోయి గురువులకు చూపవలెను.

తడియొత్తిన పిమ్మట లింగమునకు విభూతి నలంకరించి, పత్రిని గాని పుష్పమును గాని సమర్పించి, ధూపదీపములు చూపవలెను. అటుపిమ్మట జపము. కుడిచేత రుద్రాక్షమాల త్రిప్పుచు ‘ఓం నమశ్శివాయ’ అను షడక్షరిని 108 మారులు జపింపవలెను. తొలిదినములలో అంత సాధ్యము కానిచో 11 మారులు చాలును. సంఖ్య కన్న నిలుకడ ముఖ్యము.

జపము ముగిసినంతనే లేవరాదు. లింగమును ఎదురుగా పట్టుకొని, దీపకాంతి దానిపై బిందువువలె ప్రతిఫలించునట్లు అమర్చుకొని, ఆ వెలుగుపై దృష్టిని నిలుపవలెను. మనస్సు పరుగెత్తును. కార్యాలయపు చింతలు వచ్చును, బస్సు వేళ జ్ఞప్తికి వచ్చును. కోపింపక చూపును మరల లింగమునకు మరలింపవలెను. ఇష్టలింగము నుండి ప్రాణలింగమునకు, ప్రాణలింగము నుండి భావలింగమునకు సాగు మార్గమున ఇది మొదటి అడుగు. చివర కొన్ని నీటిచుక్కలను లింగమునకు తాకించి పాదోదకముగా స్వీకరించి, ఉన్న ఆహారమునే నివేదించి ప్రసాదముగా గ్రహించి, లింగమును మరల వస్త్రమున చుట్టి లింగకాయలో నుంచి ధరింపవలెను. ఇంతయు పావుగంట పని.

ఇంతవరకు శ్రద్ధగా విన్న ఆ అమ్మాయి కొంత సంకోచముతో, “నెలలో ఆ మూడుదినములు లింగమును తీసి పెట్టవలెనని అమ్మ చెప్పినది. నిజమేనా మామయ్యా?” అని అడిగినది. లింగధారులకు జనన, మరణ, రజో, ఉచ్ఛిష్ట, జాతి సూతకము లైదును లేవని శరణులు స్పష్టముగా నిర్ణయించినారు. ఆ మాటయే చెప్పితిని. వంటింటి గుమ్మమున నిలిచి వినుచున్న నా భార్య, “మఱి ఇన్నేండ్లు నన్నేల దూరముగ నుంచితిరి?” అని శాంతముగా అడిగినది.

సభలలో ఆ సిద్ధాంతమును నేనే పలుమారులు ఉపన్యసించితిని. ఇంటిలో మాత్రము మా తల్లిగారి నాటి అలవాటును మార్చుటకు యత్నింపనైతిని. నా యొద్ద సమాధానము లేకపోయినది.

అప్పుడు ఆయ్దక్కి లక్కమ్మ జ్ఞప్తికి వచ్చినది. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆమె భర్త మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, లక్కమ్మ అంగీకరింపక, ఆ అధికమును తెచ్చినచోటనే పోసిరమ్మని పంపినదట. నివేదన పవిత్రమగుటకు ఆర్జన పవిత్రమై యుండవలెనని భర్తకు బోధించిన గురువు ఆ యిల్లాలే. అట్టి శరణుల మార్గమున నడచుచున్నామని చెప్పుకొను మనము ఇంటిలోని స్త్రీలను లింగమునకు దూరము చేయుట ఏ ధర్మము? నేను నా భార్యతో, “తప్పు నాది” అంటిని. ఆమె ప్రత్యుత్తర మీయలేదు. మఱునాటి ఉదయము మాత్రము నా ప్రక్కన రెండు ఆసనములు అదనముగా పరచబడియుండెను.

బంధువులారా! పూజను నేర్చుకొనుటకు వయస్సు మించినదని సిగ్గుపడకుడు. నేర్పుటకు ఆలస్యమైనదని వెనుదీయకుడు. మీ ఇంట మూతపడియున్న లింగకాయ ఎవరిదో నేడే విచారింపుడు. వారిని మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు.

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః.