మేలు చేయువాడు మొదట అడుగవలెను

ఒకనికి మేలు చేయగోరుట మంచిదే. అయితే మనకు మేలైనది అతనికిని మేలే యగునని తలంచవచ్చునా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, మన ఇండ్లలోని అనేక దుఃఖములు దీనినుండియే పుట్టుచున్నవి. దూరదేశమందలి ఒక పొద కథ ఈ విషయమున మనకు బుద్ధి చెప్పుచున్నది.

అమెరికా తూర్పు భాగమున బ్లూబెర్రీ అను పండు అడవిలో కాయును. అది మన కలివి పండువలె గుండ్రముగా, నీలము కలిసిన నలుపు రంగుతో నుండును. హైబుష్ అను రకపు పొద మనిషెత్తుకు మించి పెరుగును. జనులు తరతరములుగా దీనిని అడవిలో ఏరుకొని తినిరి. తోటలో నాటి చూచినవారు మాత్రము తరచుగా ఓడిపోయిరి. మంచి నేల చూచి నాటిరి, ఎరువు వేసిరి, సున్నము చల్లిరి. ఆకులు పసుపెక్కి మొక్క క్షీణించెను. ఇది మచ్చికకు రాని మొక్క అని అనుకొనిరి.

ప్రభుత్వ వ్యవసాయ శాఖలో వృక్షశాస్త్రజ్ఞుడైన ఫ్రెడరిక్ కోవిల్ 1906లో పరీక్షలు ఆరంభించి, 1910లో ఫలితములను ప్రచురించెను. ఈ మొక్కకు ఆమ్లగుణముగల పుల్లని నేల కావలెనని ఆయన కనుగొనెను. సగము కుళ్లిన ఆకులును ఇసుకయు కలిసిన పేద నేలయే దానికి ప్రాణము. సున్నపు నేలలో ఇనుము ఉన్నను దాని వేళ్లు తీసికొనజాలవు. చూడుడి, జనులు ప్రేమతో వేసినదే దానికి విషమాయెను.

మరియొక సంగతి వినుడి. కోవిల్ కొన్ని మొక్కలను శీతకాలమంతయు వెచ్చని అద్దాల ఇంటిలో ఉంచెను. వసంతము వచ్చినను అవి సరిగా మేలుకొనలేదు. బయటి చలికి ఓర్చిన మొక్కలు చిగిర్చి పూచెను. చలి బాధయే గాని, ఆ బాధ లేక ఆ మొక్కకు వసంతము లేదు. దీనిని ఆయన 1920లో ప్రకటించెను.

న్యూజెర్సీలో తండ్రితో క్రాన్‌బెర్రీ తోటలు చూచుకొనుచున్న ఎలిజబెత్ వైట్ అను స్త్రీ కోవిల్ వ్రాసినది చదివి, 1911లో ఆయనకు తోడ్పడ ముందుకు వచ్చెను. మంచి పొదలు అడవిలో ఎక్కడ నున్నవో ఆమె ఎరుగదు. కావున అడవిలో పండ్లు ఏరు కూలివారిని అడిగెను. అంగుళములో 5/8 వంతు రంధ్రముగల కొలత పలకను వారికిచ్చి, ఆ రంధ్రమున జారిపోనంత పెద్ద పండ్లుగల పొదను చూపినవారికి డబ్బు చెల్లించి, పొదకు వారి పేరే పెట్టెను. రూబ్ లీక్ అనువాడు చూపిన పొద రూబెల్ అను పేరుతో నేటికిని సాగులో నున్నది. 1916లో తొలి పంట అమ్మకమునకు వెళ్లెను.

అయితే ఉన్నవానిని ఉన్నట్లే వదలివేయవలెనా అని మీరు అడుగుదురేమో. అట్లు కాదు. కోవిల్ అడవి పొదలను ఒకదానితో నొకటి సంకరము చేసి, వేలకొలది మొలకలు పెంచి, మేలైనవాటిని ఏరి, 1937లో మరణించువరకు పాటుపడెను. పండు పెద్దదాయెను గాని, పుల్లని నేల అవసరము తీరిపోలేదు. మార్పు కోరుట తప్పు కాదు. స్వభావము నెరుగక కోరుటయే తప్పు.

పేద నేల కథ విని, పేదవానికి పేదరికమే తగునని ఎవడైనను చెప్పినచో వాడు దీనిని తలక్రిందు చేసినవాడగును. అదియు అడుగక తీర్చిన తీర్పే. కోవిల్ ఊహించి ఊరకుండలేదు, పరీక్షించి తెలిసికొనెను. వైట్ కూలివారి మాట విని ఊరకుండలేదు, కూలి యిచ్చి పేరు నిలిపెను.

మన రైతు వరికి నిలిపినట్లు కందిచేనులో నీరు నిలుపడు. పంటకు చూపు ఈ వివేకమును బిడ్డకు చూపుచున్నామా? అన్నకు కుదిరిన చదువు తమ్మునికి కుదరనప్పుడు వానిని మొద్దు అనుచున్నాము. ముసలి తల్లి చేతిలోని చీపురు లాగుకొని, కూర్చుండబెట్టి, సుఖపెట్టితిమని సంతోషించుచున్నాము. ఏ పనియు లేని ఆ కుక్కిమంచము ఆమెకు వెచ్చని అద్దాల ఇల్లు కాదా?

అడుగుట సులభము కాదు. అడిగినచో మనము ఇన్నాళ్లు ఇచ్చినది అక్కరలేదని వినవలసి రావచ్చును. ఇచ్చువాని గర్వమునకు అంతకంటె పెద్ద దెబ్బ లేదు. అయినను ఈ రాత్రి దీపము తగ్గించకముందు మీ ఇంటివారిలో ఒకరిని పిలిచి, నీకేమి కావలెనని అడుగుడి. అడిగి, వారు చెప్పి ముగించువరకు మాటాడక యుండుడి.