లోపలి గది లేని చోట

ధరణికోట పక్కనున్న అమరావతి మహాచైత్యానికి లోపల గది లేదు. గుడికైతే గర్భాలయం ఉంటుంది, నడకకు చివర దర్శనం ఉంటుంది. స్తూపానికి అలాంటిదేమీ లేదు. దాన్ని కుడివైపు ఉంచుకుని చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే రావాలి. శాతవాహనుల నాటి ధాన్యకటకానికి, అంటే ఈ ధరణికోటకే, కృష్ణ మీద పడవల్లో అంత దూరం వచ్చినవాళ్లు చేసిందీ ఇదే. వాళ్లకు ఏం దొరికింది?

ఎత్తిపోతల దగ్గర ఈ ప్రశ్న నన్ను మరీ పట్టుకుంటుంది. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో చంద్రవంక వాగు దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. దాన్ని ఎదుటి గట్టు మీంచి చూడాల్సిందే. కింద మడుగులో మొసళ్లున్నాయి. అంచు వెంట నడుస్తాం, చెట్ల సందు దొరికినచోటల్లా ఆగి చూస్తాం, వెనక్కి వస్తాం. అమెరికాలో మనవాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ లోయకు వెళ్లినా అంతే. 19 జలపాతాల పక్కనుంచి పైకెక్కి, అంచు దారిలో తిరిగి మొదటికి వస్తారు. చేరవలసిన చోటంటూ లేని ఈ నడక మనిషికి ఎందుకింత ఇష్టం?

శూన్యవాదాన్ని చెప్పిన బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో రెండో ప్రకరణమంతా నడకకే ఇచ్చాడు. నడిచేసిన దారిలో నడక లేదు, నడవబోయే దారిలో ఇంకా లేదు, మరి ఎక్కడుంది? నడక లేని నడిచేవాడెవడు? ఇదంతా తర్కం కోసం తర్కమంటే నేను ఒప్పుకోను. లోయ అంచున ఒక కాలు బండ మీద మోపి, రెండోదానికి చోటు వెతుక్కునే క్షణంలో నా పేరు, వయసు, కులం ఏవీ పనికిరావు. ఉన్నది ఆ అడుగే. దాన్ని శూన్యమనాలా, నిండుదనమనాలా? నాకు నిండుదనమే అనిపిస్తుంది. ఆచార్యుడు ఆ మాటనూ నిలవనిచ్చేవాడు కాదేమో.

మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను కానుకిచ్చినవాడొకడు చర్మకారుడు. పేరు విధికుడు. తల్లిని, భార్యను, పిల్లలను కూడా శాసనంలో తలుచుకున్నాడు. తర్వాతి శతాబ్దాల్లో గుడి గడప తొక్కనివ్వని వృత్తి అతనిది. ఆ కాలంలో మనుషులంతా సమానులని నేననను. కానీ లోపలి గదే లేనప్పుడు, బయటే ఉండమని ఎవరిని ఆపగలరు? ప్రదక్షిణ పథంలో ముందు నడిచేవాడు కాసేపట్లో వెనకవాడవుతాడు. ఆ దారిలో ఎవరికీ చివరి చోటు లేదు.

జలపాతానికీ గర్భగుడి లేదు. అయినా ఆ గట్టు అందరికీ తెరిచే ఉందా? కొద్ది మైళ్ల దూరంలోనే నాగార్జునసాగర్ జలాశయం ఉంది. 1955 డిసెంబరు 10న దానికి పునాదిరాయి వేశారు. నాగార్జునకొండ లోయ మునుగుతుందని తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను అనుపు అనే చోటికీ నాగార్జునకొండ మీదికీ తరలించి మళ్లీ నిలబెట్టారు. మంచి పని. లోయలోని ఊళ్ల జనం మాత్రం ఇల్లూ పొలమూ వదిలి వెళ్లారు. రాళ్లకు మళ్లీ నిలబడే చోటు దొరికింది. వాళ్ల కాలిబాటలను ఎవరు ఎత్తి మరోచోట పరిచారు? ఆ నీళ్లతోనే పల్నాటి పొలాలు పచ్చబడ్డాయి, నిజమే. అందుకని ఆ ప్రశ్న తీరిపోతుందా?

నాగార్జునుడిదేనని చెప్పే రత్నావళిలో ఒక రాజుకు ఉపదేశం ఉంది. శూన్యాన్ని వివరించిన ఆ చేతే, నీళ్లు లేని దారుల్లో చలివేంద్రాలు పెట్టమనీ, బాటసారులకు సత్రాలు కట్టించమనీ, ఖైదీలను దయగా చూడమనీ రాసింది. నడిచేవాడు విడిగా లేడన్నవాడికి, నడిచేవాడి దాహం ఎందుకంత పట్టింది? విడిగా లేడు కనుకనేనా? పల్నాటి ఎండలో మోకాళ్లు పట్టేసిన ముసలమ్మ ఆ గట్టు దాకా రాలేక బస్సులోనే కూర్చుండిపోతే, అంచున నిలబడి నేను పూర్తిచేశాననుకునే నడక ఎంతవరకు పూర్తయినట్టు?