పంచసూనలూ పగడపు దిబ్బా

కర్మ సిద్ధాంతానిది నిక్కచ్చి లెక్క: ఎవరు చేసింది వాళ్ళే అనుభవించాలి. సముద్రం దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క తెగదు. జమైకా ఉత్తర తీరంలో 1970ల చివర దిబ్బల మీద సగం దాకా బతికున్న పగడమే ఉండేది. 1990ల మొదట్లో మిగిలింది అయిదు శాతం లోపు, తక్కినదంతా నాచు. చంపిందెవరంటే వేలెత్తి చూపడానికి ఒక్కరూ దొరకరు. నాచు మేసే చిలుక చేపలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వలలకూ బోనులకూ తరిగిపోయాయి. అయినా దిబ్బకు ఏమీ కాలేదు. చేపల పనిని నల్లటి పొడుగు ముళ్ళ సీ అర్చిన్లు నెత్తినేసుకున్నాయి మరి. రాత్రిపూట బయల్దేరి, అయిదు పళ్ళతో రాతిని గీకుతాయవి. అలా శుభ్రమైన చోటే పగడపు పిల్లలు అంటుకుంటాయి. 1980 ఆగస్టులో అలెన్ తుఫాను పగడాలను పిండి చేసినా, ఆ తర్వాత కొత్తవి మొలవసాగాయి. 1983లో కరీబియన్ అంతటా ఏదో రోగం పాకి, సీ అర్చిన్లు నూటికి తొంభైకి పైగా చచ్చాయి. వాటి పని అందుకోవడానికి ఈసారి చేపలు లేవు.

తుఫానూ రోగమూ దైవాధీనాలు, మనిషిననడం దేనికి అంటారు. తుఫాన్లు ఆ తీరానికి కొత్తేం కాదు, దిబ్బలు వాటిని తట్టుకుంటూనే వేల ఏళ్ళు పెరిగాయి. ఒకరు పడితే మరొకరు అందుకునే ఏర్పాటునే మనం తట్టుకునే బలం అంటున్నాం. మనిషి చెరిపింది దాన్ని. చెరిగిన సంగతి తర్వాతి దెబ్బ తగిలేదాకా పైకి తెలియదు. చెలియలికట్ట దాటని సముద్రుడి ఓర్పును క్షమ అనుకోవడం మన పాత అలవాటే.

అసలు చిక్కు వేరే ఉంది: పిల్లల కడుపు నింపడానికి బోను వేసినవాడు పాపి ఎలా అవుతాడు? అతని ఒక్కడి వేట దిబ్బను చంపలేదు. దీనికి కర్మలెక్కలో కన్నా పంచసూనల మాటలో మంచి జవాబుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళబిందె వాడే ప్రతి ఇంటా తెలియకుండానే ప్రాణాలు పోతాయనీ, అందుకు గృహస్థు రోజూ అయిదు యజ్ఞాలు చేయాలనీ మనుస్మృతి అంటుంది. అక్కడ దుర్బుద్ధి ఊసే లేదు, బాధ్యత మాత్రం ఉంది, అదీ రోజూ. పొయ్యి ఆర్పేయమని ఎవరూ అనలేదు.

ఆ తీరంలోనే డెయిరీ బుల్ అనే దిబ్బ దగ్గర సీ అర్చిన్లు తిరిగొచ్చాక పగడం మళ్ళీ పెరిగింది కదా, ఇక బెంగెందుకంటారా? మేసేవి తిరిగొచ్చాయి గనకే పెరిగింది. చిలుక చేపలు రావాలంటే బోను కన్ను పెద్దదవాలి, పిల్ల చేప తప్పించుకుపోవాలి. అప్పుడు కొన్నాళ్ళు రాబడి తగ్గుతుంది. ఆ నష్టం బోను వేసినవాడొక్కడే మోయాలా, చేప కొని తిన్నవాళ్ళూ పంచుకోవాలా అన్నది ఇంకా తేలలేదు.